ఆసు యంత్రంపై పోసిన నూలుతో నేసిన చీరను చేనేత అనవచ్చునా?

పుట్టపాక నేతబిడ్డ (ప్రశ్న):

మాది నేత కుటుంబం. నాన్న గుంట మగ్గం మీద పట్టు చీరలు నేస్తారు, రంగు అంటకూడని చోట నూలుకు బిగించే చిటికి అన్నయ్య కడతాడు, అంతకుముందు నూలును మేకుల మధ్య తిప్పి వరుసలుగా పేర్చే ఆసు మాత్రం ముప్పై ఏళ్లుగా పోస్తున్నది అమ్మే. నిరుటి నుంచి ఆమె కుడి భుజం పైకి లేవడం లేదు. జడ వేసుకోవాలన్నా వదినను పిలవవలసి వస్తున్నది. అందుకని ఆసు యంత్రం తీసుకుందామని ఇంట్లో మాట్లాడుకుంటున్నాము. అయితే పోయిన నెల హైదరాబాద్‌లో జరిగిన ఒక ప్రదర్శనలో మా చీరను చేతిలోకి తీసుకుని బేరం దాకా వచ్చిన ఒకావిడ, పక్కన ఎవరో "ఇప్పుడు అటువైపు ఆసు అంతా మిషన్ మీదనే పోస్తున్నారు" అనడం విని, "అట్లయితే ఇది చేనేత ఎట్లా అవుతుంది?" అంటూ చీరను మడత కూడా పెట్టకుండా వదిలేసి వెళ్లిపోయారు. అప్పటి నుంచి నాన్న ఆ మాటనే తలచుకుంటున్నారు. యంత్రం తెస్తే చేనేత అన్న పేరు పోతుందేమోనని ఆయన దిగులు, తేకపోతే అమ్మ చెయ్యి పోతుందని నా దిగులు. విషయం తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

పాత పడుగు:

మీ నాన్నగారు దిగులుపడవలసిన పని లేదు. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం చేనేతను మగ్గాన్ని బట్టి నిర్వచించింది. మరమగ్గం కాని మగ్గం ఏదైనా ఆ చట్టం దృష్టిలో చేతిమగ్గమే. ఆసు పోయడం మగ్గం దాకా రాకముందు, చిటికి కట్టకముందు, పేక నూలును, అంటే చీరలో అడ్డంగా వచ్చే పోగులను, వరుసలుగా సిద్ధం చేసుకునే పని. ఆ తరువాత గీతలు గీయడం, రబ్బరు పట్టీలతో చిటికి కట్టడం, రంగులో ముంచడం, కండెలు చుట్టడం, వరుస తప్పకుండా నేయడం అన్నీ మనుషుల చేతుల మీదనే జరుగుతున్నప్పుడు, మీ నాన్నగారు కాళ్లతో తొక్కి, పేక పోగును అటూ ఇటూ మోసే నాడెను చేతితో ఆడించి నేసినంతకాలం, అది చేనేత చీరే.

ఆ మాటకొస్తే ఆవిడ లెక్క ప్రకారం నూలు మిల్లులో వడికినా చేనేత కాకూడదు, రంగు కార్ఖానాలో తయారైనా కాకూడదు. మన మగ్గాలలో చాలావాటికి తాడు లాగితే అటూ ఇటూ పరుగెత్తే నాడె ఉంటుంది కదా, అది కూడా ఒకప్పుడు కొత్త యంత్రమే. 1733లో ఇంగ్లండ్‌లో జాన్ కే అనే ఆయన దానికి పేటెంటు పొందాడు. అంతకుముందు నేతగాడి రెండు చేతులకు అందినంత వెడల్పు గుడ్డే ఒక్క మనిషి నేయగలిగేవాడు. అంతకు మించితే రెండో మనిషి కావలసివచ్చేది. నాడె వేగం పుంజుకోగానే వడికేవారు నూలు అందించలేకపోయారు. ఆ తరువాత, 1760లలో, అనేక కదుర్లను ఒకేసారి తిప్పే యంత్రాన్ని జేమ్స్ హార్‌గ్రీవ్స్ చేశాడు. ఇది మీ ఇంటికీ వర్తిస్తుంది. ఆసు తొందరగా అయిపోతే బరువంతా చిటికి కట్టే మీ అన్నయ్య వేళ్ల మీదికి వస్తుంది. చీరల సంఖ్య మూడింతలవుతుందని మాత్రం అనుకోకండి.

ఆలేరు కోడలు:

తమ్ముడూ, నేను పదిహేనేళ్లు చేత్తో ఆసు పోసినదాన్ని కనుక చెబుతున్నాను. నడుమ ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు, వాటి మధ్య పోగును తిప్పుతూ ఉండాలి. మేకు తప్పితే డిజైనే చెదిరిపోతుంది కాబట్టి చూపు కూడా పక్కకు పోకూడదు. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ కదలాలి, ఒక్కో కదలిక మీటరు దాకా ఉంటుంది. అంటే చీర ఒక్కింటికి చెయ్యి దగ్గర దగ్గర తొమ్మిది కిలోమీటర్లు నడిచినట్టే. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. రాత్రి అన్నం కలుపుకునేటప్పుడు కూడా నా వేళ్లు మేకుల మధ్య తిరుగుతున్నట్టే ఉండేది.

మా ఆలేరు మండలంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు తమ తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేకనే ఈ యంత్రం మీద పడ్డారు. బడి చదువు మధ్యలోనే ఆగిపోయిన ఆయన 1992లో మొదలుపెట్టిన పని 1999లో గాని పూర్తి కాలేదు. చివరి చిక్కుముడి ఎంతకూ విడకపోతే, హైదరాబాద్ బాలానగర్‌లో ఒక యంత్రం కదిలే తీరు చూసి అది విప్పుకున్నారు. తాము చేసిన ఆసు యంత్రానికి తల్లి పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. చేత్తో నాలుగు నుంచి ఆరు గంటలు పట్టే చీర ఆసు దానిమీద గంటన్నరలో అవుతుంది. మీ అమ్మగారికి ముప్పై ఏళ్లు అయ్యాయంటున్నారు. ఇంకా ఆలోచిస్తున్నారా?

కొయ్యలగూడెం వాసి:

పైవారు చెప్పినవన్నీ నిజమే గాని, ఒక మాట ఎవరూ అనడం లేదు. మా అత్తమ్మ నాలుగిళ్ల ఆసు కూలికి పోసేది. ఆ ఇళ్లవారు ఒకరి తరువాత ఒకరు యంత్రం తెచ్చుకున్నాక ఆమెను పిలిచేవారు లేకపోయారు. నొప్పి పోయింది, దానితోపాటు చేతిలో ఆడే నాలుగు రూపాయలూ పోయాయి. యంత్రం వద్దని నేను అనడం లేదు. మీ ఇంటి పనికి అది రోజంతా నడవవలసిన అవసరం ఉండదు కాబట్టి, మీ వాడలోని మిగతా ఇళ్ల ఆసు కూడా దానిమీదనే పోసి, కూలికి ఆసు పోసే అమ్మలెవరైనా ఉంటే వారినే దాని దగ్గర కూర్చోబెట్టండి. చేత్తో ఆసు పోసే పాత మేకుల చట్రాన్ని మాత్రం పొయ్యిలో పెట్టకండి. కరెంటు పోయిన రోజు గోడ మీది నుంచి దించుకోవలసింది దాన్నే.

పుట్టపాక నేతబిడ్డ:

అందరికీ కృతజ్ఞతలు. చట్టం మాట నాన్నకు రెండుసార్లు చదివి వినిపించాను. రెండోసారి ఏమీ అనకుండా మగ్గం గుంటలోకి దిగారు, అంటే ఒప్పుకున్నట్టే. వాడలో ఇద్దరు పెద్దమ్మలు కూలికి ఆసు పోస్తారు, వారితో రేపు మాట్లాడతాను. అమ్మ మాత్రం చేనేత గురించి గాని, ధర గురించి గాని అడగలేదు. పోగు నడుమ తెగితే యంత్రాన్ని ఆపి, మళ్లీ అదే మేకు దగ్గర అందుకోవడం తనకు చేతనవుతుందా అని అడిగింది. ఆలేరు అక్కా, దీనికి మీరే జవాబు చెప్పాలి.

ఆలేరు కోడలు:

ఇది రాస్తే తెలిసేది కాదు తమ్ముడూ. ఆదివారం మీ అమ్మగారిని వెంటబెట్టుకుని మా ఇంటికి రండి. మీరు వాడే పట్టు నూలే ఒక చీరకు సరిపడా తెచ్చుకోండి. నడుమ నేనే కావాలని పోగు తెంపుతాను, ఆమెనే అందుకోమనండి.