ఆర్కమ్ హారర్ కార్డు ఆట: ఈ ధరలకి ప్రతి కొత్త ఎక్స్‌పాన్షన్ కొనాల్సిందేనా?

మూడోకుర్చీ

మేం ముగ్గురం కలిసి ఆర్కమ్ హారర్ కార్డు ఆట ఆడుతుంటాం. మొన్న ఆదివారం కొత్త కాంపెయిన్ (వరుసగా ఆడే పెద్ద కథ) పెట్టె కొందామా అన్న మాట వచ్చింది. ఒకరు వెంటనే కొనేద్దామన్నారు. నేను ఈ ధరకి వద్దన్నాను. మాటా మాటా పెరిగి ఆ రోజు అసలు ఆటే సాగలేదు. కలిసికట్టుగా గెలవాల్సిన ఆట దగ్గర డబ్బు గురించి ఇలా విడిపోవడం నాకు నిజంగా బాధనిపించింది. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

ఆట తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. దీన్ని 2016లో ఫాంటసీ ఫ్లైట్ గేమ్స్ అనే కంపెనీ తెచ్చింది. ఇందులో ఎవరి మీద ఎవరూ ఆడరు, అందరూ ఒకే జట్టు. తలా ఒక పరిశోధకుడి పాత్ర, తలా ఒక డెక్, అంటే కార్డుల కట్ట. ప్యాకెట్ విప్పితే ఏ కార్డు వస్తుందో అన్న లాటరీ లేదు. ఏ పెట్టెలో ఏం ఉంటుందో ముందే తెలుసు. మొదట కొనే కోర్ సెట్‌లో మూడు సినారియోల (కథలో ఒక్కో ఘట్టం) చిన్న కాంపెయిన్ ఒకటి ఉంటుంది. ఆ తర్వాత పెద్ద కథలన్నీ విడిగా కొనే అదనపు పెట్టెల్లో, అంటే ఎక్స్‌పాన్షన్లలోనే.

నా ప్రశ్న ఇదే. ధరలు ఇలా పెరుగుతుంటే వచ్చిన ప్రతిదీ కొనడం సబబేనా? కొనకపోతే ఆటకి నిజంగా లోటు వస్తుందా?

పాతపెట్టె

ముందు "పెరిగింది" అన్న మాట సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే ఈ వాదన ఎప్పుడూ అక్కడే పక్కదారి పడుతుంది.

2021కి ముందు ఒక పూర్తి కాంపెయిన్ అంటే ఒక పెద్ద పెట్టె, దాని వెనకాలే విడతలవారీగా ఆరు చిన్న ప్యాకెట్లు. అమెరికాలో కంపెనీ ప్రకటించిన ధర పెద్దదానికి 29.95 డాలర్లు, చిన్నవి ఒక్కోటి 14.95. ఏడూ కలిపితే 119.65. 2021లో ఎడ్జ్ ఆఫ్ ది ఎర్త్ అనే కాంపెయిన్ దగ్గర పద్ధతి మార్చారు. కథంతా ఒక పెట్టెలో 69.95కి, ఆటగాళ్ల కార్డులన్నీ ఇంకో పెట్టెలో 44.95కి. మొత్తం 114.90. కూడి చూసుకోండి, దాదాపు అయిదు డాలర్లు తగ్గింది.

కోర్ సెట్ కథా అంతే. పాతది 39.95 అని అందరూ గుర్తుచేస్తారు. కానీ దాంతో ఇద్దరే ఆడగలిగేవాళ్లు. ముగ్గురో నలుగురో ఆడాలంటే రెండు సెట్లు కావాలి, అంటే 79.90. 2021లో వచ్చిన సవరించిన కోర్ సెట్ 59.95. ఆ ఒక్కదాంతో నలుగురు ఆడొచ్చు.

కాబట్టి ఆ మార్పు అప్పుడు ఆటగాడికి మేలే చేసింది. దాన్ని దోపిడీ అనడం నాకు నచ్చదు.

ఒంటరిదీపం

పాతపెట్టె గారూ, మీ కూడిక తప్పు కాదు. కానీ అది 2021 నాటి కూడిక. ఆ తర్వాత వచ్చిన పెట్టెల ధర అక్కడే ఆగిందా?

ఇంకో సంగతి. 119 డాలర్లు ఏడు విడతల్లో కట్టడం, 115 డాలర్లు ఒకేసారి కట్టడం, రెండూ ఒకటి కాదు. చేతిలో డబ్బు ఆడని నెలలో ప్యాకెట్ కొనకుండా ఆగేవాణ్ణి, వచ్చే నెల చూసుకునేవాణ్ణి. రెండు ప్యాకెట్లు ఆడాక కథ నచ్చకపోతే అక్కడితో ఆపేసే వీలుండేది. ఇప్పుడు మొత్తం ఒకేసారి కొని, పెట్టె తెరిచాక గానీ ఆ కథ నాకు పడుతుందో లేదో తెలియదు. మొదటిసారి వచ్చేవాళ్ల సంగతి ఆలోచించండి. కోర్ సెట్, దాని తర్వాత ఒక కాంపెయిన్. ఆ రెండూ కలిపితే 2021 ధరలకే 130 డాలర్లు. ఇది నాకు పడే ఆటో కాదో తెలియక ముందే అంత పెట్టమని ఏ స్నేహితుడికి చెప్పగలం?

నాలుగోప్యాకెట్

ఒంటరిదీపం అన్నా, విడతల పద్ధతి మీద మీకున్న ప్రేమ నాకు లేదు. నేను ఈ ఆటలోకి ఆలస్యంగా వచ్చాను. ఒక పాత కాంపెయిన్ మొదలుపెట్టి పెద్ద పెట్టె, మొదటి మూడు ప్యాకెట్లు సంపాదించాను. నాలుగోది ఎక్కడ అడిగినా స్టాకు లేదన్నారు. ఒక అమ్మకందారు మాత్రం ఉందన్నాడు, అసలు ధరకి మూడింతలు చెప్పాడు. నేను కొనలేదు. డెక్ అలాగే రబ్బరు బ్యాండు వేసి పెట్టుకున్నాను, పరిశోధకుడికి తగిలిన గాయాలూ, మెరుగైన కార్డులు తీసుకోవడానికి వాడే అనుభవ పాయింట్లూ కాగితం మీద రాసుకుని. దాదాపు ఏడాది అలాగే ఉంది. కథ మధ్యలో ఆగిపోతే ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

పాత కాంపెయిన్లని కూడా 2022 నుంచి రెండేసి పెట్టెలుగా మళ్లీ ముద్రించారు, డన్‌విచ్ లెగసీతో మొదలుపెట్టి. నాలాంటివాళ్లకి ఊపిరి వచ్చింది అప్పుడే. ఒకేసారి ఎక్కువ డబ్బు పెట్టాల్సి రావడం కష్టమే, ఒప్పుకుంటాను. కానీ ఒకసారి కొన్నాక కథ చివరిదాకా నా చేతిలో ఉంటుంది.

ఓడరేవు

ధర ఎందుకు పెరుగుతుందో కూడా చూడాలి. నేను సరుకు రవాణా పనిలో ఉన్నాను కాబట్టి ఇది నాకు తెలిసిన మాట.

ఇలాంటి పెట్టె ఆటల్లో ఎక్కువ భాగం చైనాలో ముద్రిస్తారు. కార్డులు, అట్ట టోకెన్లు, పెట్టె అన్నీ ఒకే చోట చవగ్గా, నాణ్యంగా తయారయ్యే ఏర్పాటు అక్కడుంది. అక్కణ్ణుంచి ఓడలో రావాలి. డ్రూరీ సంస్థ లెక్కగట్టే ప్రపంచ కంటైనర్ సూచీ ప్రకారం 2019లో నలభై అడుగుల కంటైనర్‌కి సగటున 1,420 డాలర్లు. 2021 సెప్టెంబరుకి అది 10,000 దాటింది. పెట్టె ఆట బరువు తక్కువ, చోటు మాత్రం ఎక్కువ తింటుంది. కంటైనర్ అద్దె పెరిగితే ఆ దెబ్బ దీనికి గట్టిగా తగులుతుంది. అద్దె తర్వాత దిగింది, నిజమే. కానీ 2025 ఏప్రిల్లో అమెరికా చైనా సరుకు మీద సుంకాన్ని 145 శాతానికి పెంచింది. మే నెలలో 30కి దించారు. ఆ నెలరోజుల్లోనే చాలా కంపెనీలు ఓడలు ఆపేశాయి, ఆర్డర్లు వాయిదా వేశాయి.

మరో సహకార కార్డు ఆట ఉంది, సెంటినెల్స్ ఆఫ్ ది మల్టీవర్స్, 2011లో వచ్చింది. దాన్ని చేసిన గ్రేటర్ దాన్ గేమ్స్ 2025 ఏప్రిల్లో సిబ్బందిలో చాలామందిని తీసేసి కొత్త పనులు ఆపేసింది. చెప్పిన కారణం ఈ సుంకాలే. మనం ధర ఎక్కువంటున్నాం. అక్కడ కొత్త పనే ఆగిపోయింది.

అమెరికా సుంకంతో మిగతా చోట్ల వాళ్లకేం పని అనుకోవద్దు. ముద్రణ ఎంత పెద్దదైతే ఒక్కో పెట్టె అంత చవక. పెద్ద మార్కెట్‌లో ఆర్డరు తగ్గితే మిగిలిన పెట్టెల మీద ఖర్చు అందరికీ పెరుగుతుంది.

ఒంటరిదీపం

ఓడరేవు గారూ, బాగా చెప్పారు, నేను నేర్చుకున్నాను. అయితే అద్దె 1,420 నుంచి 10,000కి పోయినప్పుడు పెరిగిన ధర, అద్దె దిగాక దిగిందా? నా అభ్యంతరం అంతా అక్కడే. ఎక్కేటప్పుడు చెప్పిన కారణం దిగేటప్పుడు ఎవరికీ గుర్తుండదు.

ముప్పైకార్డులు

అసలు ప్రశ్నకి రండి. కొనకపోతే లోటు వస్తుందా?

ఈ ఆటలో చాలా పాత్రలకి డెక్ ముప్పై కార్డులు, వాటికి తోడు ఆ పాత్ర సొంత కార్డులు, ఇబ్బంది పెట్టే బలహీనత కార్డులు ఒకట్రెండు. అంతే. మీ దగ్గర వేల కార్డులున్నా బల్ల మీదికి తెచ్చేది ఆ ముప్పయ్యే. పోటీ ఆటల్లో ఎదుటివాడు కొత్త కార్డు కొంటే నేనూ కొనాలి, లేకపోతే ఓడిపోతాను. ఇక్కడ ఎదురుగా ఉన్నది ఆట ఒక్కటే. మూడోకుర్చీ కొత్త పెట్టె కొంటే నా డెక్ బలం తగ్గదు. పైగా ఆ కార్డుల్లో కొన్ని నాకూ ఇస్తారు. ఒకే బల్లకి ఒకే పెట్టె చాలు. ఇంత మంచి ఏర్పాటు ఉన్న ఆటలో, వెంటనే కొనకపోతే వెనకబడతామన్న టెన్షన్ ఎందుకో నాకు అర్థం కాదు. ఆ టెన్షన్ పోటీ ఆటల నుంచి మనం వెంట తెచ్చుకున్న అలవాటు.

ఇంకోటి. ఒకే కాంపెయిన్‌ని ఎన్నిసార్లు ఆడారు? ప్రయత్నం ఫలితాన్ని తేల్చడానికి టోకెన్లు తీసే సంచికి నాలుగు కష్టస్థాయిలున్నాయి: ఈజీ, స్టాండర్డ్, హార్డ్, ఎక్స్‌పర్ట్. సంచిలో టోకెన్లు మారిస్తే చాలు, అదే కథ వేరే ఆటలా మారిపోతుంది. దానికి ఒక్క పైసా ఖర్చు లేదు. పాత్రల్లో అయిదు వర్గాలున్నాయి: గార్డియన్, సీకర్, రోగ్, మిస్టిక్, సర్వైవర్. మీ ముగ్గురూ అన్నిటినీ ఆడి చూశారా?

టాబూజాబితా

ముప్పైకార్డులు బ్రో, చాలావరకు మీతో ఏకీభవిస్తాను, కానీ ఎదుటివాడు లేడు కాబట్టి నష్టం లేదన్నది పూర్తిగా నిజం కాదు. కార్డులు పెరిగేకొద్దీ వాటిలో బలమైన జతలు దొరుకుతాయి. పాత సినారియోలు ఆ బలాన్ని ఊహించి రాసినవి కావు. అన్నీ కొన్నవాడికి పాత కాంపెయిన్ చప్పబడిపోతుంది. అప్పుడు వాడికి ఇంకో కొత్తది కావాలి. కంపెనీయే ఆ సంగతి గుర్తించి టాబూ జాబితా పెట్టింది. బలం మితిమీరిన కార్డులకి అనుభవ పాయింట్ల ఖర్చు పెంచడం, లేదా వాటి పని కాస్త తగ్గించడం. పాటించాలా వద్దా అన్నది మన ఇష్టం.

ముప్పైకార్డులు

ఆ జాబితాలో డాక్టర్ మిలన్ క్రిస్టోఫర్ కూడా ఉన్నాడు కదా? ఆయన కోర్ సెట్ కార్డే. కాబట్టి బలం సమస్యని ఎక్స్‌పాన్షన్ల మీద మాత్రమే వేయలేం. కానీ పాత కథలు చప్పబడతాయన్నది నా అనుభవంలోనూ నిజమే. అది తక్కువ కొనడానికే ఇంకో కారణం అవుతుంది, ఎక్కువ కొనడానికి కాదు.

నాలుగోప్యాకెట్

దొరకని కార్డుల్ని ఇంట్లో ముద్రించుకోవడం మీద మీ అందరి అభిప్రాయం ఏంటి? ఆ ఏడాది నేను చాలాసార్లు ఆలోచించాను.

పాతపెట్టె

ముద్రణ ఆగిపోయి కంపెనీ కూడా అమ్మనిదైతే, సొంత బల్ల మీద ఆడుకోవడానికి చేసుకుంటే నేను తప్పు పట్టను. షాపులో ఉన్నదాన్ని మాత్రం ముద్రించుకోకూడదు. ఓడరేవు గారు చెప్పింది చదివాక ఇంకా గట్టిగా అంటున్నాను.

ఒంటరిదీపం గారూ, మీ మొదటి ప్రశ్నకి జవాబు బాకీ ఉన్నాను. లేదు, ధర 2021 దగ్గర ఆగలేదు. నా కూడిక ఆ మార్పు వరకే నిలబడుతుంది. కానీ ఆ మార్పులో మీలాంటి ఒంటరి ఆటగాడికి మేలు చేసే అంశం ఒకటుంది. పాత పద్ధతిలో కథా కార్డులూ ఆటగాళ్ల కార్డులూ అన్ని ప్యాకెట్లలో కలిసి ఉండేవి. కథ కావాలంటే అన్నీ కొనాల్సిందే. ఇప్పుడు మీకున్న డెక్ చాలనుకుంటే కాంపెయిన్ పెట్టె ఒక్కటే కొనొచ్చు. ఆటగాళ్ల కార్డులుండే పరిశోధకుల పెట్టెని పక్కన పెట్టేయొచ్చు. అలా చేస్తే పాత 119తో పోలిస్తే ఇప్పటి పెరిగిన ధరకి కూడా మీకు తక్కువే అవుతుంది.

ఒంటరిదీపం

ఇది నేను ఆలోచించలేదు. రెండూ జంటగానే కొనాలని మనసులో పడిపోయింది. సరే, ఒక పెట్టె వరకు మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను. కొత్తవాళ్లకి మొదటి మెట్టు ఎత్తుగా ఉందన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. 2019లో వచ్చిన మార్వెల్ ఛాంపియన్స్ చూడండి, అదీ అదే కంపెనీదే. ఒక్క హీరో ప్యాకెట్, అరవై కార్డులు, అందులోనే ఆడటానికి సిద్ధంగా ఉన్న డెక్. కోర్ సెట్ తర్వాత ఒకటి కొని నచ్చితే ఇంకోటి. కథ ఉన్న ఆటకి కూడా అలాంటి చిన్న మెట్టు ఒకటి వెయ్యలేరా?

గంటలలెక్క

పెట్టెలు, కార్డులు, డాలర్లు అన్నీ లెక్కపెట్టారు. గంటలు ఎవరూ లెక్కపెట్టలేదు. పాత తరహా కాంపెయిన్‌లో ఎనిమిది సినారియోలు. ఒక్కోటి ఒకటి నుంచి రెండు గంటలు. రెండేసి అనుకుంటే పదహారు గంటలు, ముగ్గురికి నలభై ఎనిమిది. రెండోసారి ఆడితే అది రెట్టింపు. నా దగ్గర ఎక్స్‌పాన్షన్లు ఆరున్నాయి. రెండే పూర్తిగా ఆడాను. మిగతా నాలుగిటి కార్డులకి స్లీవ్‌లు (ప్లాస్టిక్ తొడుగులు) వెయ్యడానికి పట్టిన సమయం, వాటిని ఆడిన సమయం కంటే ఎక్కువ. ఈ నాలుగూ నాకు ఖరీదైనవి. ఆ రెండూ ఎంత పెట్టి కొన్నా చవకే. ధర గురించి నాకున్న బాధంతా ఆడని పెట్టెల గురించేనని ఇవన్నీ చదివాక తెలిసింది. ముందు ఉన్నది ఆడండి, తర్వాతే కొనండి. ముద్రణ ఆగిపోతుందేమో అన్న భయం ఉంటే కాంపెయిన్ పెట్టె వరకు తీసి పెట్టుకోండి.

మూడోకుర్చీ

అందరికీ థ్యాంక్స్. ఇదంతా మావాళ్లిద్దరికీ చదివి వినిపించాను. కొనేద్దామన్న స్నేహితుడు గంటల లెక్క విన్నాక కాసేపు ఏమీ అనలేదు. మా దగ్గర డన్‌విచ్ ఉంది, ఒక్కసారే, స్టాండర్డ్‌లో ఆడాం. దాన్ని వేరే పాత్రలతో హార్డ్‌లో పూర్తి చేద్దామని అనుకున్నాం. అది అయ్యాక కాంపెయిన్ పెట్టె ఒక్కటే, ముగ్గురం సమానంగా వేసుకుని కొంటాం. పరిశోధకుల పెట్టె ఇప్పుడు లేదు. అతను దానికి సరేనన్నాడు, నేనూ "ఈ ధరకి వద్దు" అన్న మాట వదిలేశాను.

వచ్చే ఆదివారం మొదలు. నాకు రోగ్ పాత్ర వచ్చింది, జెన్నీ బార్న్స్. ఇంతవరకు సీకర్ తప్ప ఏదీ ఆడలేదు. కోర్ సెట్, డన్‌విచ్ కార్డులతో మొదటి డెక్ ఎలా కట్టాలో ఎవరైనా చెప్తారా?