చేతిలో ఉంటేనా, సంచిలో ఉన్నా సరేనా? ‘సంధించు’, ‘పన్నించు’ మీద ఒక డౌటు

హన్మకొండ పాచికలు:
అందరికీ నమస్తే. మా గ్యాంగు శనివారాలు సైబర్‌పంక్ రెడ్ ఆడుతుంది. కంప్యూటర్‌లో కాదు, బల్ల చుట్టూ కూర్చుని, పది ముఖాల పాచికలతో. ఇంగ్లీషు రూల్స్ చదవాలంటే సగం మందికి విసుగు. అందుకని సామాన్ల పేజీలు నేనే తెలుగులో రాసిపెట్టాను. టెక్‌స్కానర్ (యంత్రాలను పరీక్షించే స్కానర్) దగ్గర ‘టెక్‌స్కానర్‌తో ఎలక్ట్రానిక్స్ చెక్‌కు +2’ అని ఉంది, అంటే ఆ పనికి పాచిక వేసినప్పుడు వచ్చినదానికి రెండు కలుపుకోవచ్చని. మొన్న ఒకడు స్కానర్‌ను కింద వ్యాన్‌లో వదిలేసి వచ్చి, ఐదో అంతస్తులో తాళం విప్పుతూ ఆ +2 కలుపుకున్నాడు. అడిగితే ‘తో అని నువ్వే రాసినవ్ కదా అన్నా, స్కానర్ నాతోనే వచ్చింది’ అన్నాడు. కత్తితో కోయడం వేరు, తమ్ముడితో రావడం వేరు అంటే వినడు.

అందుకే విభక్తి మీద ఆధారపడకుండా గట్టి క్రియ ఒకటి కావాలి. పోతన గజేంద్రమోక్షంలో ‘సిరికిం జెప్పడు’ పద్యం ఉంది కదా, ఏనుగును మొసలి నుంచి కాపాడటానికి విష్ణువు ఏ సామానూ తీసుకోకుండా బయల్దేరతాడు, అది బుర్రలో తిరుగుతోంది. ‘చేదోయి సంధింపడు’ వరకు వస్తోంది. గరుత్మంతుడి దగ్గర ఏదో ‘...న్నింపడు’ అని ఆగిపోతున్నాను. అదేంది? నా రూల్‌కు ఈ రెండిట్లో ఏ మాట పనికొస్తుంది?

కాజీపేట జంక్షన్:
‘మన్నింపడు’. గరుడుణ్ణి కూడా లెక్కచేయకుండా పోయాడని. మా నాయన పొద్దున్నే చదివేది, చెవుల్లో ఉంది.

ఛందోబాధితుడు:
‘బన్నింపడు’. ఇది మత్తేభం. దానికి పద్నాలుగో అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో జత కుదరాల్సిన చోటు. వేళ్ల మీద లెక్కపెట్టండి: ప-రి-వా-రం-బు-ను-జీ-ర-డ-భ్ర-గ-ప-తిం-బ. ‘ప’కు ‘బ’ చెల్లుతుంది. అక్కడ ‘మ’ పెడితే యతి పోయినట్టే.

కాజీపేట జంక్షన్:
మ కూడా పవర్గమే కదా సార్. ముకారయతి అని ఒకటుంది, మీకు తెలియనిది కాదు.

ఛందోబాధితుడు:
ఉంది. పు, ఫు, బు, భులకు ‘ము’తో. ఇక్కడ ఉకారం ఎక్కడిది? పోనీ బిందుయతి అందామంటే ‘ప’ ముందు సున్న కావాలి. ‘డే పరివారంబు’లో సున్న లేదు. పోతన యతి తప్పాడంటే నేనైతే ఒప్పుకోను, మీ ఇష్టం.

పాలకుర్తి రోడ్డు:
యతి దాకా ఎందుకు, అర్థం చూస్తే చాలు. మన్నించడం అంటే గౌరవించడమో, క్షమించడమో. గరుడుడు ఏం తప్పు చేశాడని మన్నించాలి? పన్నించడం అంటే వాహనాన్ని సిద్ధం చేయించడం. జీను వేయించలేదన్నమాట. ‘అభ్రగపతిం’ (గరుడుణ్ణి) చివర ద్రుతం, అంటే నకారం, ఉంది కాబట్టి ప కాస్తా బ అయింది, అంతే. ఆ క్రియ ఇప్పుడు మనకు వల పన్నడంలో, కుట్ర పన్నడంలో మిగిలింది. తమ్మీ, నీకు కావలసిన మాట ఇదే. ‘పన్నిన స్కానర్‌కే +2’ అని రాయి.

హన్మకొండ పాచికలు:
‘పన్నిన స్కానర్’ అంటే మావాళ్లు జీఎస్టీ కట్టిందా అని అడుగుతారు సార్.

జగిత్యాల సరళ:
నా ఓటు ‘సంధించు’కే. నేనూ ఆ ఆట ఆడతాను. తుపాకిని మనిషి ఒంటికి కలిపే స్మార్ట్‌గన్ లింక్ చూడండి. తుపాకికి లింక్ బిగిస్తే చాలదు, మనిషికి ఇంటర్‌ఫేస్ ప్లగ్స్ (యంత్రాలకు తగిలించుకునే ప్లగ్గులు) అయినా ఉండాలి, అరచేతి చర్మం కింద సబ్‌డెర్మల్ గ్రిప్ అయినా ఉండాలి. అప్పుడే +1. చెయ్యీ ఆయుధమూ కలిస్తేనే బోనస్. ‘చేదోయి సంధించడం’ అచ్చంగా అదే కదా! కానీ చిన్న అనుమానం. చతుర్భుజుడికి చేదోయి ఏమిటి? మిగతా రెండు చేతులో?

ఛందోబాధితుడు:
శంఖచక్ర యుగం రెండు, వాటికి చేతులు రెండు. లెక్క సరిపోయింది. మిగిలిన రెండిట్లో ఒకటి ఖాళీగా లేదమ్మా, నాలుగో పాదం చదవండి. లక్ష్మి పైటకొంగు దాంట్లో ఉంది. ‘చేలాంచలమైన వీడడు’. ప్రాణం కాపాడే తొందరలో అన్నీ మరిచి, వదలాల్సిన ఆ ఒక్కటీ వదలకుండా పరుగెత్తాడు. ఆ ‘ఐన’లో ఉన్న నవ్వు చూడండి. పోతన తప్ప ఇంకెవరు రాస్తారు?

కరీంనగర్ డైస్:
ఆట సంగతి నేను చెప్తా. ఈ ఆటలో సామాను ఉన్నంత మాత్రాన అన్నీ కలుపుకుంటూ పోవడం కుదరదు. కవచాలే తీసుకోండి. ఒకదాని మీద ఒకటి తొడిగితే రెండిటి ఎస్పీ (దెబ్బను ఆపే బలం) కలపరు, ఎక్కువ ఉన్నదే లెక్క. స్కానర్ అయినా వాడేవాడికే. వ్యాన్‌లో ఉన్నది వాడినట్టు ఎట్లయితది? దీనికి పోతన దాకా పోవాల్నా?

కాజీపేట జంక్షన్:
పోవాలె. పోతన ఆ ప్లేయర్ పక్షమే. తర్వాతి పద్యం ‘తనవెంటన్ సిరి’. అందులో గరుడుడు, ‘వానిపొంతను ధనుఃకౌమోదకీ శంఖచక్ర నికాయంబును’. అంటే చక్రం విష్ణువు చేతిలో లేదు, ఎక్కడో వెనక గరుడుడి పక్కన వస్తోంది. మరి మొసలిని ఖండించింది ఏది? చక్రమే. సంధించకుండానే బోనస్ వచ్చింది. వ్యాన్ వెనకాల వస్తే చాలు.

పాలకుర్తి రోడ్డు:
‘ఖండింపగా బంపె’ అన్నాడు, గమనించారా? పంపితే పోయే ఆయుధం అది. ఆ ఆటలో చెప్పాలంటే డ్రోన్. టెక్‌స్కానర్‌ను ‘పో, తాళం చూసి రా’ అంటే పోతుందా?

కాజీపేట జంక్షన్:
పంపడానికి ముందు చేతికి వచ్చిందని ఎక్కడుంది? చూపించండి.

పరకాల పొలంగట్టు:
మీరు పెద్దోళ్లు, మాట్లాడుకోండ్రి. మా దగ్గర దీనికి మాటుంది: ‘కట్టుడు’. ఎడ్లు దొడ్లె ఉన్నంత మాత్రాన దున్నినట్టు కాదు, నాగలి కట్టాలె. ‘స్కానర్ కట్టినోనికే +2’ అని రాయి తమ్మీ. కాళోజీ తిరిగిన ఊర్లె ఉండి ‘పన్నించు’ అని రాస్తవా? ఇంకోటి. పోతనకు మా ఎడ్ల మాటలు బాగ తెలుసు. ‘ఆ మూల సౌధంబు దాపల’ అన్నడు. దాపల అంటే ఎడమ దిక్కు. మేము కాడికి కట్టేటప్పుడు ఎడమ ఎద్దును దాపటిది, కుడి ఎద్దును ఎలపటిది అంటం.

హన్మకొండ పాచికలు:
‘కట్టు’ బాగుంది అన్నా. చేతికి కట్టు, చెవికి కట్టు, అన్నిటికీ సరిపోతుంది. గ్రూపులో పెట్టి చూస్తా.

ఛందోబాధితుడు:
పరకాలవారూ, దాపల అంటే ఎడమే అని అంత గట్టిగా ఎట్లా చెప్తారు? దాపు అంటే దగ్గర. సౌధానికి దగ్గరలో మందారవనం. వనం ఎడమ పక్కనుంటే ఏం, కుడి పక్కనుంటే ఏం?

పరకాల పొలంగట్టు:
దగ్గర అనాల్నంటే ‘దాపున’ అంటరు సారూ. ‘ల’ ఊకె రాదు. వలపల అంటే కుడి, దాపల అంటే ఎడమ, జోడు మాటలు.

కడప గాలి:
ఒంటిమిట్టలోనూ దాపల అంటే ఎడమే లెండి. ఎంతైనా పోతన మావాడు కదా.

పాలకుర్తి రోడ్డు:
బమ్మెర మా మండలంలోనే ఉంది, బస్సెక్కి రండి చూపిస్తా. పోతన ఊరని చెప్పే ఏకశిలానగరం అంటే ఓరుగల్లు, ఇంక దాని మీద మాటల్లేవు.

అడ్మిన్:
ఏకశిలానగరం గొడవకు వేరే చర్చ ఉంది, అక్కడికి పొండి. ఇక్కడ ‘బన్నింపడు’ మాత్రమే.

కాజీపేట జంక్షన్:
‘మన్నింపడు’.

జగిత్యాల సరళ:
ఛందోబాధితుడు గారూ, వలపల కూడా పద్యాల్లో దొరికితే పరకాలవారు నెగ్గినట్టేనా? వెతుకుతున్నా, ఆగండి.