అప్‌డేట్: 4,29,49,67,297ను 641 ఎందుకు భాగిస్తుందో తెలిసింది

2³²+1 ప్రధాన సంఖ్య కాదని, 641 దాని భాజకమని చదివి, భాగహారం చేయకుండానే ఆ సంగతి చూపగలమా అని ఇంతకుముందు అడిగాను. ఓపికగా వివరించిన అందరికీ కృతజ్ఞతలు.

కీలకమంతా 641ను రెండు విధాలుగా రాయడంలో ఉంది: 5×2⁷+1, 5⁴+2⁴. మొదటి రూపాన్ని బట్టి, 641తో భాగించినప్పుడు 5×2⁷ శేషం −1తో సమానం (641కి అది ఒకటే తక్కువ కాబట్టి). నాలుగో ఘాతానికి పెంచితే 5⁴×2²⁸ శేషం 1. రెండో రూపం ప్రకారం 5⁴ స్థానంలో −2⁴ వేయవచ్చు. అప్పుడు −2³² శేషం 1 అవుతుంది, అంటే 2³²+1 శేషం సున్నా! ఇంత చిన్న నిరూపణ ఉంటుందని ఊహించలేదు.

2కు ఘాతాంకంగా 1, 2, 4, 8, 16 వేసి ఒకటి కలిపితే 5, 17, 257 వంటి ప్రధాన సంఖ్యలే వస్తాయి. ఘాతాంకాన్ని ఇలా రెట్టింపు చేస్తూ పోతే వచ్చే ఆ వరుస (వీటినే ఫెర్మా సంఖ్యలంటారు) అంతా ప్రధానాలేనని 1640లో గణితవేత్త ఫెర్మా భావించారు. 1732లో మరో గణితవేత్త ఆయిలర్, 2³²+1కు ఉన్న ఈ 641 భాజకంతో అది నిలవదని చూపారు.

మరి 641 దగ్గరికి ఎలా చేరాలి? నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. 2³²+1కు ప్రధాన భాజకాలు 128k+1 రూపంలోనే (k పూర్ణ సంఖ్య) ఉండాలని తర్వాత గణితవేత్త లూకాస్ నిరూపించారు. ఆ రూపంలో మొదటి ప్రధానం 257, రెండోది 641. 257 ఫెర్మా సంఖ్యే, ఫెర్మా సంఖ్యలకు ఉమ్మడి భాజకాలు ఉండవు. కాబట్టి పరీక్షించాల్సిన మొదటి సంఖ్యే 641! 641తో భాగిస్తే వచ్చే 67,00,417 కూడా ప్రధానమే.

ఇక 2⁶⁴+1 మొదలుపెడుతున్నాను. దాని చిన్న భాజకం 2,74,177, అంటే 256×1071+1.