‘స్టీల్ టైమ్’ అంటే దొంగతనమేనా?

వర్చువల్ మెషీన్లు (ఒకే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిపే విడివిడి కంప్యూటర్లు, పొట్టిగా వీఎంలు) ఎందుకు నెమ్మదిస్తాయో తెలుగులో రాస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. లైనక్స్‌లో టాప్ కమాండ్ కొడితే సీపీయూ వరుస చివర ‘ఎస్‌టీ’ అని ఒక అంకె వస్తుంది కదా, అదే స్టీల్ టైమ్. ముందు ‘దొంగిలించిన సమయం’ అని రాశాను, తిరిగి చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. ఎవరు దొంగిలించారని? వీఎం పనికి సిద్ధంగానే ఉంది, కానీ అసలు మెషీన్‌లోని సీపీయూని హైపర్‌వైజర్ (వీఎంలకు సీపీయూ, మెమరీ పంచే సాఫ్ట్‌వేర్) ఆ క్షణంలో ఇంకొకరికి ఇచ్చింది, దీని వంతు రాలేదు. దీన్ని ఏమందాం?

— పడిగాపులు అనండి. గతిలేక కాచుకుని ఉండటం ఆ మాటలోనే ఉంది. పైగా ఎస్‌టీ ఎక్కువగా ఉంటే వీఎం లోపల ఎంత వెతికినా తప్పు దొరకదు, ఇబ్బంది బయట హోస్ట్‌లో, అంటే ఆ అసలు మెషీన్‌లో ఉంటుంది, ఆ సంగతి కూడా తెలిసిపోతుంది.

— మరి అదే వరుసలో ఉన్న ‘డబ్ల్యూఏ’ సంగతేంటండీ? అదీ ఎదురుచూడటమేగా.

— అది డిస్క్ కోసం. దాన్ని ఎదురుచూపు అనండి, ఇది సీపీయూ కోసం పడిగాపులు, రెండు మాటలుంటే తికమక ఉండదు. డబ్ల్యూఏ పెరిగితే ర్యామ్ చాలక స్వాప్‌లోకి (ర్యామ్ బదులు వాడే డిస్క్ భాగంలోకి) పోతోందేమో, ఎప్పుడో తీసి మరచిపోయిన స్నాప్‌షాట్లు (వీఎం అప్పటి స్థితిని దాచి ఉంచినవి) పేరుకున్నాయేమో చూడాలి. తమాషా ఏంటంటే, దాదాపు ఈ పడిగాపులనే వీఎంలు నడిపే సాఫ్ట్‌వేర్ చేసే వీఎంవేర్ వాళ్లు ‘రెడీ టైమ్’ అంటారు. ఒకరికి దొంగతనం, ఇంకొకరికి సిద్ధంగా ఉండటం! 20 సెకన్ల గ్రాఫ్‌లో ఒక వర్చువల్ సీపీయూకి 2000 మిల్లీసెకన్లు కనిపిస్తే 10 శాతం కాలం ఊరికే నిలబడిందని లెక్క.

— నాది వేరే గోల. స్లో అయిన ప్రతిదానికీ ‘వీఎం మొరాయిస్తోంది’ అని రాస్తున్నారు. మొరాయించిన ఎద్దు అడుగు తీసి అడుగు వేయదు, అంటే హ్యాంగ్ అయిందని. కదులుతూ కదులుతూ ఉంటే అది నత్తనడక.

— వీఎంలు నడిపే ఇంకో సాఫ్ట్‌వేర్ వర్చువల్‌బాక్స్ వాడేవాళ్లకి తాబేలు నడక :) విండోస్‌లో మైక్రోసాఫ్ట్ సొంత హైపర్‌వైజర్ హైపర్-వీ ఆన్‌లో ఉండి, దాని మీదుగా నడవాల్సి వచ్చినప్పుడు కింద స్టేటస్ బార్‌లో ఆకుపచ్చ తాబేలు బొమ్మ చూపిస్తుంది, చాలామంది అదేదో అలంకారం అనుకుంటారు.

— సరే, పడిగాపులు ఖాయం చేసుకున్నాను. ఇంకో వాక్యం కూడా కుదిరింది: “స్లోగా ఉందని ప్రతి వీఎంకీ వర్చువల్ సీపీయూలు పెంచుకుంటూ పోతే, ఉన్న కోర్లు అవే కాబట్టి పడిగాపులే పెరుగుతాయి.” ఇక బెలూనింగ్ మిగిలింది. వీఎం లోపలి డ్రైవర్ బుడగలా ఉబ్బి, మెమరీని ఆక్రమించి, దాన్ని హోస్ట్‌కి అప్పజెబుతుంది. ‘బుడగ ఊదడం’ అనొచ్చా?

— అనకండి, పిల్లల ఆటలా ఉంటుంది. బెలూనింగ్ అనే ఉంచి, ఇప్పుడు చెప్పిన వాక్యాన్నే పక్కన రాసేయండి.