తొమ్మిదిన్నర అడుగుల హాలుకు నియోక్లాసికల్ అలంకరణ నప్పుతుందా?

మూడో అంతస్తు (ప్రశ్న):
మియాపూర్‌లో కొత్త ఫ్లాటు చేతికొచ్చింది. హాలు పొడవు 22 అడుగులు, వెడల్పు 13, శ్లాబు ఎత్తు తొమ్మిదిన్నర. మావారికి నియోక్లాసికల్ పద్ధతి (పాత గ్రీకు, రోమన్ కట్టడాల పోలిక) మీద మోజు. ఇంటీరియర్ కాంట్రాక్టర్ ఒకాయన కంప్యూటర్‌లో బొమ్మ గీసి చూపించాడు. టీవీ గోడకు అటూ ఇటూ బంగారు తలకట్టుతో గుండ్రటి స్తంభాలు, రెండంచెల ఫాల్స్ సీలింగ్, మధ్యలో పెద్ద షాండ్లియర్, వంకర కాళ్ల సోఫాలు, అద్దంలా మెరిసే టైల్స్. మా అత్తగారు చూసి "ముహూర్తం ఎప్పుడమ్మా?" అన్నారు. నిజంగానే ఫంక్షన్ హాలులా ఉంది. అలా కాకుండా ఈ శైలిని ఇంట్లోకి తేవచ్చా? డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ మానుకోవాలి?

రసమట్టం:
ఇళ్ల లోపలి పనులు చేయించే ఆర్కిటెక్టును. మీ అత్తగారి చూపు కాంట్రాక్టర్ చూపుకన్నా నిక్కచ్చిగా ఉంది.

ముందు సోఫా కాళ్లు చూడండి. వంకర తిరిగి పాదం బయటికి తన్నినట్టు ఉంటే అది ఫ్రాన్సు రాజు పదిహేనో లూయీ కాలపు రొకోకో శైలి. ఆ వంకరలూ గవ్వలూ తీగలూ మొహం మొత్తాకే 18వ శతాబ్దం రెండో సగంలో ఐరోపా నిటారు గీతల వైపు మళ్లింది, అదే నియోక్లాసికల్. పదహారో లూయీ పేరుతో పిలిచే కుర్చీకి కాలు తిన్నగా ఉంటుంది, కిందికి పోను పోను సన్నబడుతుంది. దుకాణంలో ఏ పేరు చెప్పి అమ్మినా మీరు కాలు చూసి బేరమాడండి.

ఇక స్తంభాలు. ఇటలీలో బూడిద కింద పూడిపోయిన హెర్క్యులేనియంలో 1738లో, పాంపేయిలో 1748లో తవ్వకాలు మొదలయ్యాక పాత రోమన్ల ఇళ్లు లోపల ఎలా ఉండేవో లోకానికి తెలిసింది. రాబర్ట్ ఆడమ్ అనే స్కాట్లండు ఆర్కిటెక్టు ఇటలీలో కొన్నేళ్లు ఉండి, శిథిలాలు కొలిచి, 1758లో లండన్ చేరాడు. ఇంగ్లండులో కెడల్‌స్టన్ హాలులో ఆయన పెట్టించిన కొరింథియన్ (ఆకులు చెక్కిన తలకట్టు ఉండే) స్తంభాల ఎత్తు 25 అడుగులు. మన కోఠిలో ఒకప్పటి మహిళా కళాశాల, ఇప్పటి మహిళా విశ్వవిద్యాలయంలోని పాత బ్రిటిష్ రెసిడెన్సీ ముంగిట నిలబడి తలెత్తి చూడండి, స్తంభానికి ఎత్తు ఎంత అవసరమో మెడకే తెలుస్తుంది. కొరింథియన్ స్తంభం ఎత్తు దాని వ్యాసానికి పది రెట్లు ఉండాలని శాస్త్రం. మీ తొమ్మిదిన్నర అడుగుల గదిలో దాని లావు పదకొండు అంగుళాలు దాటకూడదు. కాంట్రాక్టర్ బొమ్మలో ఎంత ఉందో అడగండి. అడుగున్నర అంటే ఇక దాని గురించి మాట్లాడుకోనక్కర్లేదు. స్తంభం కావాలనే పట్టుదల ఉంటే గోడకు అంటుకుని అంగుళం, అంగుళంన్నర మాత్రమే ముందుకొచ్చే చదును స్తంభం చేయించండి.

డబ్బు గోడ మీద పెట్టండి. సన్నటి మౌల్డింగ్ పట్టీలతో నిలువు చట్రాలు, నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తులో అడ్డపట్టీ, పైన గోడా శ్లాబూ కలిసే చోట కార్నిస్ పట్టీ. చట్రాల మధ్య ఎడం అన్ని చోట్లా ఒకటే ఉండాలి. పట్టీకీ గోడకూ ఒకే రంగు వేయించండి. మీగడ తెలుపు, లేత బూడిద, వెలిసిన ఆకుపచ్చ, ఏదైనా సరే. పట్టీకి బంగారు రంగు పూశారా, మీ అత్తగారు మళ్లీ ముహూర్తం అడుగుతారు.

ఫాల్స్ సీలింగ్ వద్దు. అరడుగు ఎత్తు ఊరికే పోతుంది.

కాకినాడ గాలి:
పట్టీలు దేనితో చేయిస్తారన్నది కూడా తేల్చుకోండి. మా ఊరి తేమకు ఎండీఎఫ్ (చెక్కపీచు అదిమి చేసిన పలక) స్కర్టింగ్, అంటే గోడ కింది అంచు పట్టీ, ఒక్క వానాకాలంలో ఉబ్బింది. రోజూ తడిగుడ్డ పెట్టే ఇళ్లలో హైదరాబాదైనా అంతే. నేలకు తగిలే పట్టీ రాయితోనో టైల్‌తోనో చేయించుకుని, పైవాటికి పాలీయురితేన్ అనే ఒకరకం ప్లాస్టిక్ పట్టీలు వాడండి, తేలిక, చెదపట్టదు. ఇంకొకటి, నగిషీ ఎక్కువైన కొద్దీ దుమ్ము ఎక్కువ. తుడిచేది ఎవరో ముందే మాట్లాడుకోండి.

మండువా లోగిలి:
అడగని మాట అనుకోకండి. మనకు టేకు స్తంభాలూ, చెక్కిన ద్వారబంధాలూ ఉండగా రోమన్ల మీద ఈ మోజెందుకు?

రసమట్టం:
మండువా ఇంటికి నడిమిన ఆకాశం ఉండేది. మూడో అంతస్తు ఫ్లాటులో ఆ టేకు స్తంభం కూడా పరాయిదే అవుతుంది. అయినా మీ మాటలో సగం తీసుకుంటాను. అమ్మమ్మల నాటి టేకు కుర్చీ ఏదైనా ఉంటే ఆ లేత రంగు గోడ ముందు వేయండి, దిగుమతి సోఫాకన్నా నిండుగా ఉంటుంది.

మూడో అంతస్తు:
సోఫా కాళ్లు ఇవాళే చూశాం. వంకరే! స్తంభాలు తీసేయించాను. మావారు ఒక్కదానికి పట్టుబడుతున్నారు: షాండ్లియర్. హాలు మధ్యలో ఫ్యాన్ ఉంది మరి. స్విచ్‌బోర్డులు కూడా చట్రాల మధ్యలోకి వస్తున్నాయి.

రసమట్టం:
హైదరాబాదు ఎండాకాలంలో ఫ్యాన్ తీయమని చెప్పే ధైర్యం నాకు లేదు. ఫ్యాన్ చుట్టూ శ్లాబుకు ఒక గుండ్రటి గచ్చు పతకం పెట్టించండి, దానికీ ఒక మర్యాద వస్తుంది. షాండ్లియర్‌ను భోజనాల బల్ల మీదికి మార్చండి. బల్ల నుంచి రెండున్నర అడుగుల ఎత్తులో వేలాడితే ఎవరి తలకూ తగలదు, మీవారి మాటా నెగ్గినట్టవుతుంది.

స్విచ్‌బోర్డుల సంగతి మాత్రం వెంటనే చూడండి. రంగులు వేయకముందే చట్రాల గీతలు సుద్దతో గోడ మీద గీయించి, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, బోర్డును చట్రానికి సరిగ్గా నడుమకో, రెండు చట్రాల మధ్య ఖాళీలోకో జరిపించండి. ఏసీ మెషిన్, టీవీ ఉన్న గోడకు ఒక పక్కన వేలాడితే ఈ సమతూకమంతా దండగ. ఎదుటి గోడ మీద, తలుపు పైన నడుమకు పెట్టించండి. రాగి గొట్టం ఎన్ని అడుగులు పెరుగుతుందో ముందే లెక్క కట్టించుకోండి, దానికి వాళ్లు అడుగుల చొప్పున వసూలు చేస్తారు.