అప్‌డేట్: మిగ్-21 కిట్‌లో వంకర రెక్క, గుంటలు సరిచేశాను

రెండు వారాల కిందట అడిగాను కదా, 1/72 స్కేల్ (అసలు సైజులో 72వ వంతు) మిగ్-21 యుద్ధవిమానం ప్లాస్టిక్ మోడల్ కిట్‌లో కుడి రెక్క వంకర, బాడీ మీద గుంటలు, ముక్కు ముందుండే పిటో గొట్టం (విమానం వేగం కొలిచేది) సగమే అచ్చు పడింది అని. మూడూ తేలిపోయాయి. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

రెక్కకి వేడినీళ్ల చిట్కానే పనిచేసింది. మరిగే నీళ్లు వద్దన్న అన్నయ్య మాట విని, స్టవ్ కట్టేసి కాసేపు ఆగాక ముంచాను (కిట్ ప్లాస్టిక్, అంటే పాలిస్టైరీన్, 100 డిగ్రీల దగ్గర పూర్తిగా మెత్తబడిపోతుంది). తీసి అద్దం పలక మీద నొక్కిపట్టి, అలాగే చన్నీళ్లలో పెట్టాను. మొదటిసారి సగం వెనక్కి వంగింది, మూడోసారికి నిలిచింది.

గుంటల్లో పుట్టీ పెడితే ఎండాక కుంగిపోయి మళ్లీ గుంటే. సూపర్ గ్లూలో టాల్కం పౌడర్ కలిపి పెట్టాక సరిపోయింది. మన అమలాపురం తేమకి ఆ గ్లూ ఇట్టే బిగుస్తుంది, కొంచెం కొంచెమే కలుపుకోండి. గంటలోపే ఎమరీ పేపర్‌తో రుద్దెయ్యాలి. ఎడమవైపు మర్నాటికి వదిలేస్తే రాయైపోయింది, దాని చుట్టూ ప్లాస్టిక్కే అరిగింది.

పిటో కోసం స్ప్రూని (కిట్ భాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేమ్ పుల్లని) కొవ్వొత్తి మీద సాగదీశాను. నాలుగు పుల్లలు సాగదీస్తే నాలుగూ వంకరే! చివరికి మెడికల్ షాపులో కొన్న సూది మొన అరగదీసి అతికించాను.

తేమకే రెక్క వంగిందన్న నా అనుమానం మాత్రం ఉత్తదే. ఈ ప్లాస్టిక్ నీళ్లు దాదాపు పీల్చదట. బియ్యం తేమ లాగేస్తుందని రెక్కని వారం రోజులు బియ్యం డబ్బాలో దాచినందుకు అమ్మ తిట్లే మిగిలాయి.