కష్టపడితే పైకొస్తాం, ఎవరి సాయమూ అక్కర్లేదు: ఒప్పుకుంటారా?

ఇడ్లీబండి (తిరుపతి):
1998లో పీలేరు నుంచి తిరుపతికి వచ్చినప్పుడు నా దగ్గర ఒక కిరసనాయిలు స్టవ్వు, రెండు ఇడ్లీ పాత్రలు ఉన్నాయి. రాత్రి రెండున్నరకే లేచి, నాలుగింటికల్లా బస్టాండు పక్కన బండి పెట్టేవాణ్ణి. ఎండా వానా చూడలేదు. 2009లో బాడుగకు హోటల్ తీసుకున్నాను. ఇప్పుడు రెండు హోటళ్లు, 22 మంది పనివాళ్లు. ఎవరి సాయమూ లేదు. నాదాకా ఎందుకు, పేటమిట్ట పల్లెలో పుట్టిన గల్లా రామచంద్ర నాయుడు గారు అమెరికాలో ఇంజనీరుగా చేసి కూడా వెనక్కి వచ్చి, 1985లో అమరరాజా కంపెనీ పెట్టారు. ఈరోజు తిరుపతి పక్కన కరకంబాడిలో ఎంతమందికి అన్నం పెడుతోంది! ఈ కాలం పిల్లలేమో నోటిఫికేషన్ కోసం కాచుకుని కూర్చుంటున్నారు. పని చేసే మనసుంటే తిరుపతిలో ఎవరూ చెడిపోరు.

మామిడితోట (బంగారుపాళ్యం):
అన్నా, మీ కష్టానికి దండం పెడతాను. కానీ ‘ఎవరి సాయమూ లేదు’ అన్న మాట ఒప్పుకోను. రోజుకు 60, 70 వేల మంది కొండకు పోయే ఊరు అది. వాళ్లు ఆకలితో దిగే చోట మీ బండి ఉంది. అదే బండి, అదే చట్నీ, అదే రాత్రి రెండున్నరకు లేవడం మా ఊళ్లో అయ్యుంటే 22 మంది పనివాళ్లు ఉండేవాళ్లా?

ఇడ్లీబండి:
వెంకన్న అందరికీ ఉన్నాడు నాయనా. ఆ రోడ్డులో నాతోపాటు తొమ్మిది బండ్లు ఉండేవి. రెండే మిగిలాయి. యాత్రికుల వల్లే పైకొచ్చి ఉంటే తొమ్మిదీ మిగలాలి కదా?

రేణిగుంట మెకానిక్:
నేనూ రోజుకు 12 గంటలు చేస్తాను. 11 ఏళ్లుగా ఒకే షెడ్డు. జీతం రెండుసార్లే పెరిగింది. కష్టం తక్కువైందా మరి?

ఇడ్లీబండి:
తమ్ముడూ, ఇంకొకరి షెడ్డులో ఎన్నాళ్లు చేస్తావు? సొంతంగా పెట్టుకో.

రేణిగుంట మెకానిక్:
అడ్వాన్సు ఎవరిస్తారన్నా?

మామిడితోట:
ఆ ఏడు బండ్ల సంగతి చెప్పండి. వాళ్లందరూ సోమరులేనా?

ఇడ్లీబండి:
సోమరులు అనలేదు. ఒకాయన తాగుడుకు పోయాడు. ఒకాయనకు పిండి పులిసిందీ లేనిదీ తెలియదు, అమ్మేసేవాడు. ఇంకో ఇద్దరు రోజువారీ వడ్డీకి తెచ్చి మునిగారు. 10,000 అడిగితే 9,000 చేతిలో పెట్టి, రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టించుకునేవాళ్లు. నేనూ తెచ్చాను. ఒక్క రోజు తప్పలేదు.

మామిడితోట:
మీ ఇంట్లో ఆ 100 రోజుల్లో ఎవరికీ జ్వరం రాలేదు. వాళ్ల ఇంట్లో వచ్చి ఉంటుంది. మీరు చెప్పింది నలుగురి సంగతి. మిగతా ముగ్గురు?

ఇడ్లీబండి:
ముగ్గురి జాతకాలు నాకెలా తెలుస్తాయి? నువ్వు ఆ ఏడు బండ్లనే పట్టుకుని వేలాడుతున్నావు.

చదువుకుంటున్నా (తిరుపతి):
సార్, ‘కాచుకుని కూర్చుంటున్నారు’ అన్నారు. 897 పోస్టులకు గ్రూప్-2 నోటిఫికేషన్ 2023 డిసెంబరులో వచ్చింది. ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరిలో పెట్టారు. మెయిన్స్ వాయిదాల మీద వాయిదాలు పడి 2025 ఫిబ్రవరి 23న జరిగింది. ఆ ఏడాదంతా నేను లైబ్రరీ తలుపు తీయకముందే పోయి నిలబడేదాన్ని. సాయంత్రం ట్యూషన్లు చెప్పి హాస్టల్ ఫీజు కట్టుకున్నాను. దీన్ని కూర్చోవడం అంటారా?

ఇడ్లీబండి:
అమ్మా, చదువును తప్పుపట్టలేదు. కానీ ఒకరికి వాయిదా, ఒకరికి అడ్వాన్సు లేదు, ఒకరికి ఊరు మంచిది కాదు. అన్నీ సాకులే. సాకులు చెప్పుకుంటూ పోతే నేను ఇంకా ఆ బండి దగ్గరే ఉండేవాణ్ణి.

మామిడితోట:
సాకులా? అయితే వినండి. మా నాయనకు నాలుగెకరాల తోతాపురి మామిడి తోట. వంచిన నడుము ఎత్తకుండా ముప్పై ఏళ్లు చేశాడు. 900 అడుగులు బోరు వేసి నీళ్లు తెచ్చాడు. 2025లో కాయ విరగ్గాసింది. కిలోకు 12 రూపాయలు అన్నారు, గుజ్జు ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 ఇస్తుందని. ట్రాక్టరు నిండా కాయ పోసుకుని ఫ్యాక్టరీ గేటు ముందు రెండు రాత్రులు పడుకున్నాం. మూడో రోజుకు అడుగున కాయ నీరు కారింది. వెనక్కి తెచ్చి రోడ్డు పక్కన పారబోశాం. కోత కూలీ, ట్రాక్టరు బాడుగ మా చేతి నుంచే పోయాయి. ఆ రాత్రి మా నాయన ఏమన్నాడో తెలుసా? ‘నేనే ఎక్కడో సరిగ్గా చేయలేదేమోరా’ అన్నాడు. మీలాంటి వాళ్ల మాటలు వినీ వినీ ఆయన అలా అనుకున్నాడు. నా కోపం మీ ఇడ్లీల మీద కాదు.

పులిచెర్ల అక్క:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

ఇడ్లీబండి:
మీ నాయన తప్పేమీ లేదు. ఆ మాట ముందు చెబుతున్నాను. కానీ నా సంగతీ విను. అంతా చోటు, అదృష్టం అని నువ్వు అన్నప్పుడల్లా మా ఆవిడ గుర్తొస్తుంది. పదకొండేళ్లు ఆ స్టవ్వు పొగలో నిలబడి కళ్లు పాడుచేసుకుంది. ఆ కళ్లకు లెక్క లేదా? ఇంకోటి కూడా చెప్పేస్తాను. మా అబ్బోడు కూడా అదే గ్రూప్-2 రాశాడు. రాలేదు. ‘నీ వయసుకు నేను ఇల్లు నిలబెట్టాను’ అన్నాను. నెల నుంచి నాతో మాట్లాడటం లేదు.

చదువుకుంటున్నా:
సార్, ఒకటి అడుగుతాను. 2020 మార్చి 20న కొండ మీద దర్శనం ఆపేశారు. జూన్ దాకా భక్తులే లేరు. అప్పుడు మీ హోటల్ ఎలా నిలబడింది?

ఇడ్లీబండి:
నిలబడలేదమ్మా. షట్టరు దించేశాం. రెండున్నరకు మెలకువ వచ్చేది, చేయడానికి పని లేదు. అలా మంచం మీద కూర్చునేవాణ్ణి. బిల్డింగ్ ఓనరు మూడు నెలలు బాడుగ అడగలేదు. నేను అడగకముందే ఫోన్ చేసి ‘ఇప్పుడు వద్దులే’ అన్నాడు. ఆయన అలా అనకపోయుంటే సామాన్లు అమ్ముకుని పీలేరు పోయేవాళ్లం.

మామిడితోట:
మరి అది సాయం కాదా అన్నా?

ఇడ్లీబండి:
సాయమే. కాదనను. కానీ పదకొండేళ్లు నెల తప్పకుండా ఐదో తేదీకి బాడుగ కట్టాను కాబట్టే ఆయన ఆ మాట అన్నాడు. ఆ నమ్మకం నా కష్టం వల్ల వచ్చిందే. ఇది మాత్రం వదలను.

మామిడితోట:
మా నాయన కూడా అదే ఫ్యాక్టరీకి పద్దెనిమిదేళ్లు కాయ తోలాడు. ఒక్కసారి కూడా కుళ్లు కాయ కలపలేదు. గేటు దగ్గర ఆయన్ని ఎవరూ గుర్తుపట్టలేదు. మీ ఓనరు మనిషి కాబట్టి గుర్తుపెట్టుకున్నాడు.

ఇడ్లీబండి:
దీనికి నా దగ్గర జవాబు లేదు. తోట ఉందా ఇప్పుడు?

మామిడితోట:
ఒక ఎకరం చెట్లు కొట్టేశాడు. మూడు ఎకరాలకు మందు కొట్టించాడు, పూత బాగుంది. అన్నా, మొదటి పోస్టులో ‘ఎవరి సాయమూ లేదు’ అన్నది ఇంకా అలాగే ఉంది. మార్చండి.

ఇడ్లీబండి:
మార్చను. కింద బాడుగ సంగతి రాశాను కదా, చదివేవాళ్లు అదీ చదువుతారు.

చదువుకుంటున్నా:
అబ్బాయికి ఫోన్ చేశారా సార్?

ఇడ్లీబండి:
రాత్రి షట్టరు దించాక చేస్తానమ్మా. వాడు పదకొండు దాకా చదువుతాడు.